పేషెంటు పక్కన పొద్దు గడిపేదెట్లా

కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని, నంద్యాల వైపు నుంచే కాదు, తుంగభద్ర అవతల అలంపురం, గద్వాల నుంచి కూడా పేషెంట్లు వస్తారు. ప్రతి పేషెంటు వెంట ఒక మనిషి తోడుంటారు. ఏ కాగితాలు తేవాలి, ఏ ఓపీకి పోవాలి అని ఊళ్లో అందరూ చెప్పి పంపుతారు. ఆ తోడు వచ్చిన మనిషి రోజంతా ఎట్లా కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను ఎమ్మిగనూరులో జాకెట్లు కుడతాను. మా ఆయనకు తుంటి ఎముక విరిగి ఎముకల వార్డులో ఉన్నప్పుడు నాకు పనికొచ్చినవి ఇక్కడ రాస్తున్నా.

ఆసుపత్రిలో విసుగు పని లేనందుకు రాదు, ఎప్పుడు పిలుస్తారో తెలియనందుకు వస్తుంది. ఇంట్లో పని లేకపోతే కాసేపు నడుం వాలుస్తాం. ఇక్కడ కన్ను మూతపడే వేళకే సిస్టర్ మందుల చీటీ ఇస్తుంది, లేదా స్కానింగుకు తీసుకుపొమ్మంటారు. అందుకే ఇక్కడికి తెచ్చుకోవాల్సింది ఎప్పుడంటే అప్పుడు పక్కన పెట్టి లేవగలిగే పని, తిరిగొచ్చి ఆపిన చోటి నుంచే అందుకోగలిగే పని. సినిమా అట్లాంటిది కాదు. సగంలో లేపితే చిరాకు రెట్టింపవుతుంది.

ఏమీ చేయకుండా కూర్చోవడం చిన్న సంగతేం కాదు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు 2014లో ఒక పరిశోధన బయటపెట్టారు. మనుషుల్ని పావుగంట ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి, దగ్గర ఒక బటన్ ఉంచారు. నొక్కితే షాక్ కొడుతుందని ముందే చూపించారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది నొక్కారు. పావుగంటకే అట్లా ఉంటే, వారాలు కూర్చునేవాళ్లకు విసుగొస్తే అది ప్రేమ లేక కాదు. ఆ మాట ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

ఫోన్‌ను చివరికి దాచుకోండి. వార్డులో ప్లగ్గులు తక్కువ, చార్జర్లు ఎక్కువ. రక్తం కావాలని ఊరికి ఫోన్ చేయాల్సిన టైంకు బ్యాటరీ అయిపోతే అది విసుగు కంటే పెద్ద కష్టం.

కుట్టు వచ్చినవాళ్లు ఒక చీర, దానికి ఫాల్ తెచ్చుకోండి. ఫాల్‌ను ఇంట్లోనే తడిపి ఆరబెట్టి తేవాలి, లేకపోతే తర్వాత ముడుచుకుపోతుంది. ఫాల్ చేత్తో కుట్టడం ఇట్లాంటి చోటికి చాలా బాగుంటుంది. ఎక్కడైనా ఆపొచ్చు, ఎంత అయిందో కంటికి కనిపిస్తుంది. జాకెట్ హుక్కులు, కాజాలు కూడా అంతే. సూది విషయంలో జాగ్రత్త. దారం లేకుండా వట్టి సూదిని ఎక్కడా పెట్టకండి, వార్డులో చెప్పులు లేకుండా తిరిగేవాళ్లు ఉంటారు. నాతో పాటు ఇద్దరు ముగ్గురు అమ్మలు వాళ్ల జాకెట్లు తెచ్చి కూర్చుంటే మాకు సాయంత్రం ఎప్పుడైందో తెలిసేది కాదు.

మధ్యాహ్నం రెండు దాటితే నాలుగింటి దాకా అన్నిటికంటే కష్టం. రౌండ్స్ అయిపోయి ఉంటాయి, ఎండ మండుతుంటుంది, పేషెంటుకు కూడా నిద్ర రాదు. ఆ టైంకు పులిజూదం పెట్టుకోండి. పాత గుళ్లలో, రచ్చబండల మీద రాతిలో చెక్కి ఉంటుందే, ఆ ఆటే. గీయడం ఇట్లా: కాగితం పైభాగాన ఒక చుక్క పెట్టండి. దాని నుంచి కిందికి విసనకర్ర పుల్లల్లా నాలుగు గీతలు గీసి, అడుగున ఒక అడ్డగీతతో కలపండి. మధ్యలో ఇంకో మూడు అడ్డగీతలు గీయండి. ఇవి మాత్రం రెండు పక్కలా బయటికి రావాలి. బయటికొచ్చిన కొసల్ని అటొక నిలువుగీత, ఇటొక నిలువుగీతతో కలపండి. గీతలు కలిసే చోట్లు 23 వస్తే సరిగ్గా గీసినట్టు.

చొక్కా గుండీలు 3 పులులు, చింతగింజలు 15 మేకలు. మేకల్ని ఒక్కొక్కటే పెడుతూ పోవాలి. పదిహేనూ పెట్టేదాకా మేక కదలకూడదు, పులి కదలొచ్చు. పక్కనున్న మేక మీదుగా అదే గీతలో అవతల ఖాళీ చోటికి పులి దూకితే ఆ మేక పోయినట్టే. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలది గెలుపు. మేకల్ని ముందు కొసల్లో పెట్టండి, అక్కడ పులికి దూకే దారి తక్కువ. ఒక మేక వెనక ఇంకో మేక ఉంటే పులి ఏమీ చేయలేదు. మంచం మీద కాలు కదపలేని మనిషి కూడా చేతులతో ఆడగలడు కదా, అందుకే ఈ ఆట నాకు అంత ఇష్టం. మా ఆయన ఎప్పుడూ పులులే కావాలనేవాడు.

పేషెంటు విసుగు మన విసుగు కంటే పెద్దది. ఆయనకు కనిపించేది పైకప్పు, ఫ్యాను. సాయంత్రం పక్క మంచం వాళ్లకు చెప్పి ఒక గంట బయటికి పోయి రండి. కొండారెడ్డి బురుజు దాకా నడవొచ్చు. పోయేముందే 'వచ్చి మూడు సంగతులు చెప్తా' అని పేషెంటుకు మాటివ్వండి. అట్లా అనుకుంటే మనం కూడా వీధిని కళ్లు తెరిచి చూస్తాం: ఉగ్గాని బండి దగ్గర ఎవరు గొడవ పడ్డారు, ఉల్లిగడ్డ ధర ఎంతుంది. సాయంత్రం కాక పొద్దునే బయల్దేరితే బజ్జీ వాసన మోసుకురావద్దు, పథ్యంలో ఉన్నవాళ్లకు బాధ.

ముసలివాళ్లను మాట్లాడించండి. మా వార్డులో ఒక పెద్దాయన, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పుడు గుడారాల్లో ఆఫీసులు నడిచిన సంగతి చెప్తుంటే అటూ ఇటూ నాలుగు మంచాలు విన్నాయి.

పొద్దున రౌండ్స్‌లో డాక్టరును 'ఆపరేషన్ ఎప్పుడు సార్?' అని అడిగితే 'చూద్దాం' అంటారు. 'ఈరోజు అయ్యేది లేదు కదా సార్?' అని అడగండి. లేదన్నారంటే ఆ రోజు మీ చేతికి వచ్చినట్టే. స్నానం, బట్టలు ఉతకడం అన్నీ ఆ రోజే పెట్టుకోండి.

ఆపరేషన్ రోజు మాత్రం పైన చెప్పినవేవీ పనికిరావు, ప్రయత్నించవద్దు కూడా. అది విసుగు కాదు, టెన్షన్. ఆ రోజు ఊరి నుంచి ఇంకో మనిషిని తప్పకుండా పిలిపించుకోండి. మందులకో రక్తానికో ఒకరు పరిగెత్తితే, థియేటర్ తలుపు దగ్గర పేరు పెట్టి పిలిచినప్పుడు పలకడానికి ఒకరుండాలి.