సరిహద్దులో టెన్షన్ పెరిగినప్పుడు మనం పాటించాల్సిన జాగ్రత్తలు

సరిహద్దు వేడెక్కిందంటే టీవీలోనూ వాట్సాప్‌లోనూ ముందు వినిపించే మాట "గట్టిగా కొట్టాలి" అని. ఆ మాట పదిమందికీ పంపే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి: మన దెబ్బ అవతలివాడికి ఎలా కనిపిస్తుంది, తర్వాత వాడేం చేస్తాడు? ఇలా ఆలోచిస్తే శత్రువును సమర్థించినట్టేమీ కాదు.

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ అణు క్షిపణులు బయటపడ్డాయి. 27న అక్కడ అమెరికా గూఢచారి విమానం యూ-2ను కూల్చేశారు, పైలట్ చనిపోయాడు. వాషింగ్టన్‌లో చాలామంది ఎదురుదాడి చేయాలన్నారు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ దగ్గర లువెలిన్ థాంప్సన్ అనే ఆయన ఉండేవాడు. మాస్కోలో రాయబారిగా పనిచేసి సోవియట్ నేత క్రుశ్చేవ్‌ను దగ్గర్నుంచి ఎరిగినవాడు. "క్యూబాను నేనే కాపాడాను" అని చెప్పుకునే వీలు దొరికితే క్రుశ్చేవ్ తగ్గుతాడని అధ్యక్షుడికి నచ్చజెప్పాడు. క్యూబాపై దాడి చేయబోమని అమెరికా మాటిచ్చింది. టర్కీలోని తన క్షిపణులు తీసేస్తామని రహస్యంగా ఒప్పుకుంది. మర్నాడే క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడు.

అందుకే ఎంత కోపంలో ఉన్నా, అవతలివాడు పరువుతో తగ్గడానికి దారి మిగిలిందా అని చూడండి. అన్ని దారులూ మూసేయమని అరిచేవాళ్ళ మాట నాకైతే భయం పుట్టిస్తుంది.

ఇంకో సంగతి. ఆ విమానాన్ని కూల్చమని మాస్కో చెప్పలేదు, క్యూబాలో ఉన్న సోవియట్ అధికారులే కూల్చేశారు. కాబట్టి ప్రతి ఘటన వెనకా పైవాళ్ళ పన్నాగం ఉందని తేల్చేయకండి. పొరపాటు మనవైపు నుంచీ జరగొచ్చు. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్ళి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. రెండు రోజులకు మన ప్రభుత్వం విచారం తెలిపింది. అప్పుడు సరిహద్దు ప్రశాంతంగా ఉంది. అదే క్షిపణి రెండు దేశాలూ దాడులు చేసుకుంటున్న 2025 మే నెలలో పడి ఉంటే?

సైనిక వాహనాల వీడియోలు పెట్టకండి. పాత వీడియోను ఈరోజుదని పంపకండి.

చర్చల వార్త వస్తే "లొంగిపోయారు" అని వెక్కిరించకండి. 2025 మే 10 మధ్యాహ్నం పాకిస్తాన్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాలు చూసే ఉన్నతాధికారి) మన డీజీఎంఓకు ఫోన్ చేశారు. ఆ సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.