నాలుక కంటే ముందు చెవి: ఇంగ్లీషు స్వయంశిక్షణ, మూడవ పాఠం – నొక్కి పలికేవి, అణగిపోయేవి

కిందటి పాఠంలో 30 సెకన్ల సంభాషణను ఎంచుకుని, ఐదుసార్లు విని, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి, ఆ తరువాతే అసలు పాఠ్యంతో సరిచూసుకోవాలని చెప్పుకున్నాం. ఆ పనికి చెవిరాత అని పేరు పెట్టుకున్నాం. ఆ కాగితాన్ని ఇప్పుడు ముందు పెట్టుకోండి. మామూలు వేగంతో మాట్లాడేవారు నిమిషానికి సుమారు 150 మాటలు పలుకుతారు కాబట్టి మీ భాగంలో దాదాపు 75 మాటలు ఉండి ఉంటాయి. వాటిలో మీరు రాయలేకపోయిన ప్రతి మాట కింద గీత గీసి, ఆ గీతలను రెండు రకాలుగా విడదీయండి. అసలు పాఠ్యంలో కళ్లతో చూసినా అర్థం తెలియని మాట మొదటి రకం. చూడగానే "ఇది నాకు తెలిసినదే కదా, ఎలా తప్పిపోయింది" అనిపించే మాట రెండవ రకం.

కళాశాల స్థాయికి వచ్చిన విద్యార్థుల కాగితాలు నేను చాలా చూశాను. వాటిలో రెండవ రకం గీతలే ఎక్కువగా కనిపిస్తాయి, అవి కూడా "ఆఫ్", "టు", "ఫర్", "హావ్", "హిమ్", "క్యాన్" వంటి, చిన్న తరగతుల్లోనే నేర్చుకున్న మాటల కింద. ఇంగ్లీషు అర్థం కావడం లేదని బాధపడే విద్యార్థి వెంటనే చేసే పని కొత్త పదాల పట్టిక తెచ్చుకుని బట్టీ పట్టడం. మీ కాగితం మీద రెండవ రకం గీతలే ఎక్కువగా ఉంటే, మీకు లోపించింది పదసంపద కాదు కాబట్టి ఆ పట్టిక వల్ల మీ వినికిడి మెరుగుపడదు. తెలిసిన మాటే వాక్యంలో పడ్డాక వేరే రూపంలో వినిపిస్తోంది, ఆ రూపాన్ని మీ చెవి ఇంకా గుర్తుపట్టడం లేదు. ఈ పాఠమంతా ఆ మారిన రూపాల గురించే.

తెలుగు చెవి దేనిని పట్టుకుంటుంది?

మన చెవి చాలా సూక్ష్మమైనదే, అయితే అది పట్టుకోవడం నేర్చుకున్నది వేరొక తేడాను. "కల" అన్నా "కాల" అన్నా మనకు తేడా క్షణంలో తెలుస్తుంది, ఎందుకంటే తెలుగులో అచ్చు పొడవును బట్టి అర్థం మారుతుంది. గురువులు, లఘువులు, మాత్రలు లెక్కించి పద్యాన్ని నడిపిన భాష మనది. కాని ఒక మాటలో ఏ అక్షరాన్ని గట్టిగా నొక్కి పలికాం అన్నదానిని బట్టి తెలుగులో అర్థం మారదు. "పుస్తకం" అనేటప్పుడు "పు"ని నొక్కినా "త"ని నొక్కినా అది పుస్తకమే. అందువల్ల పుట్టినప్పటి నుంచి మన చెవికి ఆ నొక్కును లెక్కపెట్టవలసిన అవసరం రాలేదు.

ఇంగ్లీషులో ఆ నొక్కే ప్రధానం. "రికార్డ్" అనే మాటలో మొదటి భాగాన్ని నొక్కితే అది నామవాచకం, రెండవ భాగాన్ని నొక్కితే నమోదు చేయడం అనే క్రియ. "ప్రెజెంట్", "ఆబ్జెక్ట్", "ప్రాజెక్ట్" కూడా ఇలాగే ప్రవర్తిస్తాయి. నొక్కు పడిన చోట అచ్చు నిండుగా, కొంచెం పొడవుగా, స్వరం కాస్త పైకి లేచి వినిపిస్తుంది. నొక్కు పడని చోట అచ్చు దాదాపు రంగు కోల్పోయి, ఏ ప్రయత్నమూ లేకుండా నోరు కాస్త తెరిస్తే వచ్చే బలహీనమైన "అ"లా మిగులుతుంది. దీనికి ష్వా అని పేరు. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే అయినా, ఇంగ్లీషు వర్ణమాలలో దీనికంటూ ఒక అక్షరం లేదు. "అబౌట్"లో మొదటి అచ్చు, "టీచర్"లో చివరి అచ్చు ఇవే. కళ్లతో చదివి నేర్చుకున్నవారికి ఇది ఎప్పుడూ కనబడదు కాబట్టి చెవికి కూడా అందకుండా పోతుంది.

1945లో అమెరికన్ భాషావేత్త కెనెత్ పైక్ భాషల లయను రెండు రకాలుగా వర్ణించారు: అక్షరం అక్షరానికీ ఇంచుమించు సమాన కాలం పట్టేవి ఒక రకం, నొక్కుకూ నొక్కుకూ మధ్య ఇంచుమించు సమాన కాలం పట్టేవి మరొక రకం. ఇంగ్లీషును ఆయన రెండవ రకంలో చేర్చారు. పరికరాలతో కొలిస్తే ఈ సమానత్వం అంత కచ్చితంగా కనిపించదని తరువాతి పరిశోధకులు చూపించారు. అయినా నేర్చుకునేవారికి ఈ భావన ఎంతో ఉపయోగపడుతుంది. చేత్తో బల్ల మీద మూడు దెబ్బలు సమానంగా వేస్తూ "స్టూడెంట్స్ రైట్ నోట్స్" అనండి. దెబ్బలు "స్టూ", "రై", "నో"ల మీద పడాలి. దెబ్బల వేగం మార్చకుండా "ద స్టూడెంట్స్ ఆర్ రైటింగ్ ద నోట్స్" అనండి. ఆపైన అదే వేగంతో "ద స్టూడెంట్స్ హావ్ బీన్ రైటింగ్ సమ్ నోట్స్" అనండి. నాలుగు అక్షరాల వాక్యం తొమ్మిది అక్షరాలైంది, దెబ్బలు మాత్రం మూడే. మధ్యలో చేరిన "హావ్ బీన్", "సమ్" ఆ ఇరుకులో సర్దుకోవాలంటే "అవ్‌బిన్", "స్మ్" అని అణిగి పలకక తప్పదు. మాట్లాడేవారు మనకు వినపడకూడదని మాటలు మింగేస్తున్నారని చాలామంది అనుకుంటారు. వారు చేస్తున్నది తమ భాష లయను పాటించడమే.

ఒక్క మాట దగ్గర ఆగుదాం

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఉమ్మడి ప్రాజెక్టు కోసం అమెరికాలో ఉన్న ఒక విద్యార్థితో ఫోనులో మాట్లాడవలసి వచ్చింది. సమావేశం ఎప్పుడు పెట్టుకుందామని అతను అడిగితే "ఐ క్యాన్ జాయిన్ ఆన్ మండే" అని, ప్రతి మాటనూ విడివిడిగా, జాగ్రత్తగా పలికాను. అతను "నో ప్రాబ్లమ్, హౌ అబౌట్ ట్యూజ్‌డే?" అన్నాడు. సోమవారం వస్తానంటే మంగళవారం సంగతి ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. అదే వాక్యాన్ని "క్యాన్"ని ఇంకా గట్టిగా నొక్కి మళ్లీ చెప్పాను. అతను మళ్లీ మంగళవారమే అన్నాడు. నా మాట అంత స్పష్టంగా ఉండగా ఎందుకు చేరలేదో తెలియక ఆ రోజంతా మనసు కష్టపెట్టుకున్నాను. కారణం తెలిసింది చాలాకాలం తరువాత.

క్రియకు ముందు వచ్చే "క్యాన్"ను ఇంగ్లీషు మాతృభాషగా గలవారు నిండుగా పలకరు. అది "కన్" అని, ఒక్కోసారి అచ్చే లేని "క్న్" అని అణిగిపోయి, నొక్కంతా తరువాతి క్రియ మీద పడుతుంది: "ఐ కన్ జాయిన్". వ్యతిరేకార్థంలో మాత్రం "క్యాన్ట్" నిండు అచ్చుతో, నొక్కుతో వస్తుంది. అక్కడ చివరి "ట్" చాలాసార్లు పూర్తిగా విడుదల కాదు, నాలుక పైకి తాకి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి వినేవారు ఆ "ట్" కోసం ఎదురుచూడరు. అచ్చు నిండుగా ఉందా, అణిగి ఉందా అన్నదానిని బట్టే అవునో కాదో నిర్ణయించుకుంటారు. నేను జాగ్రత్త పడి నిండుగా పలికిన ప్రతిసారీ అతని చెవికి "రాలేను" అనే చేరింది. బ్రిటిష్ ఉచ్చారణలో వ్యతిరేక రూపం చాలావరకు "కాన్ట్" అని దీర్ఘంతో ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పొరపాటుకు అవకాశం కొంత తక్కువ. ఇక వాక్యం చివర, "యెస్, ఐ క్యాన్" అన్నప్పుడు, ఆ మాట మళ్లీ నిండుగానే వస్తుంది.

ఈ ఒక్క మాటను వినడంలోనూ పలకడంలోనూ సరిచేసుకున్న విద్యార్థికి మిగిలిన చిన్న మాటల స్వభావం దానంతట అదే పట్టుబడుతుంది. "ఎ లాట్ ఆఫ్ టైమ్" అన్నది "అలాటవ్ టైమ్" అవుతుంది. "టెల్ హిమ్" అన్నది "టెలిమ్" అవుతుంది. "అండ్" చాలాచోట్ల "అన్"గానే మిగులుతుంది. "షుడ్ హావ్" అన్నది "షుడవ్" అవుతుంది. ఇది "షుడ్ ఆఫ్"తో ఎంతగా కలిసిపోతుందంటే, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా రాతలో "హావ్" బదులు "ఆఫ్" అని తప్పు రాస్తుంటారు. "వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ అబౌట్ ఇట్" అనే ప్రశ్న మామూలు వేగంలో "వాటర్యు గోయింట డూ అబౌటిట్" అని వస్తుంది. బలమంతా "డూ" మీద ఉంటుంది. మొదటి మాట విని మంచినీళ్ల ప్రసక్తి అనుకునేవారు లేకపోలేదు.

మనకు తెలిసిన సంధే

ఇదంతా వింత అనిపిస్తే మన మాటనే ఒకసారి గమనించండి. "వాడు ఎక్కడ ఉన్నాడు" అని మనం రాసినా, పలికేటప్పుడు "వాడెక్కడున్నాడు" అంటాం. ఉత్వసంధి, అత్వసంధి రెండూ ఆ ఒక్క మాటలోనే జరిగిపోయాయి. పుస్తకంలో తెలుగు నేర్చుకుని వచ్చిన పరాయి భాషవారికి "వాడెక్కడున్నాడు" ఎంత కఠినంగా ఉంటుందో, మనకు "పికిటప్" అంత కఠినంగా ఉంటుంది. అది "పిక్ ఇట్ అప్" కలిసిన రూపం. తెలుగు సంధిలో సాధారణంగా ఒక అచ్చు లోపిస్తుంది. ఇంగ్లీషులో మాట చివరి హల్లు తరువాతి మాట మొదటి అచ్చును అంటుకుంటుంది. ఈ ఒక్క సూత్రం మనసులో ఉంచుకుని మీ చెవిరాతలో గీతలు పడిన చోట్లను మళ్లీ వినండి. వాటిలో కొన్నైనా సంధులుగా విడిపోవడం గమనిస్తారు.

మాట్లాడేటప్పుడు మనం ఈ సంధిని చెడగొట్టే తీరు కూడా తెలుగు నుంచి వచ్చినదే. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి "బస్సు", "పెన్ను", "బుక్కు" అని చివర ఉకారం చేర్చుకుని ఇంగ్లీషు మాటలను మన ఇంట్లో కలుపుకున్నాం. తెలుగులో అది సరైన పద్ధతి. ఇంగ్లీషు వాక్యంలో "ఐ వెంటు" అన్నప్పుడు మాత్రం లేని అక్షరం ఒకటి చేరి లయ తప్పుతుంది, పక్క మాటతో కలవవలసిన హల్లు అక్కడే ఆగిపోతుంది. భూతకాలపు "డ్" దగ్గర ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దానికి మన పరుషాలు, సరళాలు అన్న విభాగమే చాలు: ముందు పరుషమో, స్, ష్, ఫ్ వంటి ధ్వనో ఉంటే "ట్" పలుకుతుంది, కాబట్టి "స్టాప్ట్", "ఆస్క్ట్". ముందు సరళమో, అనునాసికమో, అచ్చో ఉంటే "డ్", కాబట్టి "ఓపెన్డ్", "ప్లేడ్". ముందు ట్, డ్ ఉన్నప్పుడే "ఇడ్" అనే కొత్త అక్షరం వస్తుంది, "వాంటిడ్" లాగా.

పొడవైన మాటల్లో నొక్కు

తరగతిలో ప్రసంగించేటప్పుడు, మౌఖిక పరీక్షలో జవాబు చెప్పేటప్పుడు వాడే మాటలు చాలావరకు పొడవైనవి, వాటిలో నొక్కు తప్పితే వినేవారు ఆ మాటనే గుర్తుపట్టలేకపోవచ్చు. "ఫొటోగ్రాఫ్"లో మొదటి అక్షరం మీద నొక్కు. "ఫొటోగ్రఫీ"లో రెండవదాని మీద, "ఫొటోగ్రాఫిక్"లో మూడవదాని మీద. ఇక్కడ ఒక సులువైన సూత్రం ఉంది: "-షన్", "-ఇక్", "-ఇటీ" అనే ప్రత్యయాలతో ముగిసే మాటల్లో దాదాపు ఎప్పుడూ నొక్కు ఆ ప్రత్యయానికి సరిగ్గా ముందున్న అక్షరం మీదే పడుతుంది. "ఎడ్యుకేషన్"లో "కే", "ఎకనామిక్"లో "నా", "యూనివర్సిటీ"లో "వర్" నొక్కాలి. మిగిలిన మాటలకు నిఘంటువే దిక్కు. ఉచ్చారణ రాసిన చోట నొక్కు పడే అక్షరానికి ముందు, పైవైపున ఒక చిన్న నిలువు గీత ఉంటుంది. అర్థం చూసి నిఘంటువు మూసేసే అలవాటును ఈ వారం మానుకుని, ఆ గీతను కూడా చూసి, మాటను పైకి మూడుసార్లు పలికిన తరువాతే మూయండి.

ఈ వారం పని

మొదటి రెండు రోజులు కొత్తదేమీ వినవద్దు. కిందటి వారం ఎంచుకున్న ఆ 30 సెకన్ల భాగాన్నే తీసుకుని, పాఠ్యం మీద నొక్కు పడిన ప్రతి అక్షరం పైన ఒక చుక్క, మాటలు కలిసిన ప్రతి చోట కింద ఒక వంపు గీత పెట్టండి. అనుమానం వచ్చిన చోట ఊహించవద్దు. ఆ రెండు సెకన్లనే మళ్లీ మళ్లీ వినండి. ఇది నెమ్మదిగా సాగే పని, ఒక్కొక్క వాక్యానికి పది నిమిషాలు పట్టవచ్చు. ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదేనని నా నమ్మకం, కాబట్టి తొందరపడి దాటవేయవద్దని కోరుతున్నాను.

మూడవ రోజు నుంచి నీడపలుకు మొదలుపెట్టండి. ధ్వని నడుస్తూ ఉండగానే, ఒకటి రెండు మాటల వెనుక, నీడలా అనుసరిస్తూ పైకి పలకాలి. షాడోయింగ్ అని పిలిచే ఈ పద్ధతిని, వింటూనే అనువదించవలసిన దుబాసీల శిక్షణలోనూ వాడతారు. మొదట పెదవులు కదపకుండా, కేవలం చుక్కలు పెట్టిన చోట బల్ల మీద తడుతూ వినండి. తరువాత గొణుగుతూ, ఆ తరువాత పూర్తి గొంతుతో పలకండి. ఒక మాట తప్పిపోతే వెనక్కి వెళ్లవద్దు, తరువాతి నొక్కు దగ్గర అందుకోండి. ఐదవ రోజున మీ గొంతును ఫోనులో నమోదు చేసి, అసలు దానితో పక్కపక్కన వినండి. అప్పుడు అన్ని లోపాలనూ ఒకేసారి వెతకకుండా, చిన్న మాటలు అణిగాయా లేదా అన్నది ఒక్కటే చూడండి.

వేగం అందుకోలేకపోతే నెమ్మదిగా చదివినవాటితో మొదలుపెట్టడంలో తప్పు లేదు. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో ప్రారంభించిన స్పెషల్ ఇంగ్లీష్ ప్రసారాలు సుమారు 1500 మూల పదాలతో, మామూలు వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో సాగేవి. అటువంటివి ధైర్యాన్నిస్తాయి. కాని వాటి దగ్గరే నెలల తరబడి ఉండిపోవద్దు, ఎందుకంటే నెమ్మదిగా, విడమరచి చదివేటప్పుడు అణగవలసిన మాటలు అంతగా అణగవు. మీకు వినవలసి వచ్చేది మాత్రం అణిగిన రూపాలే. బీబీసీ వారి ఆరు నిమిషాల ఇంగ్లీషు పాఠాలు, పాఠ్యంతో సహా దొరుకుతాయి కాబట్టి, ఆ తరువాతి మెట్టుగా బాగా పనికివస్తాయి.

మరొక మాట చెప్పాలి. ఇదంతా యాస మార్చుకోవడం కోసం కాదు. మీ గొంతులో తెలుగు వినిపించడం లోపమని నేను ఎన్నడూ అనుకోలేదు. వినేవారికి వాక్యంలో ముఖ్యమైన మాట ఏదో తెలియాలంటే ముఖ్యం కానివి పక్కకు తప్పుకోవాలి, అంతవరకే ఈ సాధన.

వచ్చే పాఠంలో సొంతంగా మాట్లాడటం మొదలుపెడతాం. ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాల్లో, తరువాత మూడు, చివరకు రెండు నిమిషాల్లో చెప్పే సాధన అది. పాల్ నేషన్ అనే భాషాబోధనా పండితుడు దీని మీద విస్తారంగా రాశారు. దానికోసం మీ చదువులో మీకు బాగా తెలిసిన ఒక అంశాన్ని ఎంచుకుని ఉంచండి. వాక్యాలు రాసుకోవద్దు, ఆరేడు ముఖ్యమైన మాటలు మాత్రం ఒక చీటీ మీద రాసి, ప్రతి మాట మీదా నొక్కు పడే చోట చుక్క పెట్టి తీసుకురండి. ఐదవ రోజున నమోదు చేసిన మీ గొంతును చెరిపివేయవద్దు, ఆరవ పాఠంలో దానితో పని ఉంది.