నోట్‌బుక్ మర్చిపోయా టీచర్ అనే గోల తగ్గాలంటే

ఏడో క్లాస్‌కి లెక్కలు చెప్తాను, రోజూ పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు నోట్స్ ఎక్కడ, హోంవర్క్ పేపర్ ఎక్కడ అని వెతుక్కోవడంతోనే పోయేవి. ఈసారి దాన్నే చిన్న యాక్షన్ రీసెర్చ్‌లా (అంటే మన క్లాస్ సమస్యకి మనమే ఒక మార్పు చేసి, పనిచేసిందో లేదో లెక్కతో చూసుకోవడం) చేశా, ఖర్చు తక్కువే.

ముందు రెండు వారాలు పిల్లలకి ఏం చెప్పకుండా, రోల్ నంబర్ల లిస్ట్‌లో నోట్స్, హోంవర్క్, జామెట్రీ బాక్స్ అని మూడు గడులు పెట్టి రోజూ తెచ్చినవాటికి టిక్ కొట్టుకోండి. ఇది మాత్రం వదలొద్దు, ముందు లెక్క లేకపోతే తర్వాత మార్పు వచ్చిందో లేదో మనకే తెలీదు. మూడో వారం నుంచి ఒక్కో సబ్జెక్ట్‌కి ఒక్కో రంగు స్టిక్కర్ అట్ట మీద పైమూల అంటించి, విడి పేపర్లకి పంచ్ కొట్టి ట్యాగ్‌తో ఒక ఫైల్‌లో కట్టించండి. శనివారం చివరి పది నిమిషాలు బ్యాగ్ మొత్తం బల్ల మీద పెట్టి పక్కపక్క వాళ్ళు ఒకరిది ఒకరు సర్దుకోవాలి, అసలు పని చేసేది ఇదే అనిపించింది నాకు. ఇలా నాలుగు వారాలు అదే టిక్కులు వేసి, మార్పుకి ముందు ఒకటి, తర్వాత ఒకటి పెట్టిన స్లిప్ టెస్ట్ మార్కుల పక్కన పెట్టి చూడండి, రెండు టెస్టులూ ఒకే స్థాయిలో ఉండాలి.

ఒక్కటి జాగ్రత్త, ఇంట్లో నోట్‌బుక్ కొనలేక తేనివాళ్ళకి ఇది పనిచెయ్యదు, టిక్ లేదని అందరి ముందు అడిగితే బడికే రావడం మానేస్తారు. వాళ్ళని విడిగా పిలిచి కనుక్కుని, ముందు పుస్తకం ఇప్పించండి.