కర్ర ఎత్తినప్పుడు కాదు, దిగేటప్పుడు: ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్‌ను గెలిచే పద్ధతి

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో స్టార్మ్‌వెయిల్ కోట వాకిట కాపలా కాసే శత్రువు మార్గిట్ తన చేతికర్రను తల మీదికి ఎత్తి, వెంటనే కొట్టకుండా, కాసేపు గాలిలో అలాగే పట్టుకుని ఉంటాడు. ఆ ఆలస్యాన్ని మన వేలు భరించలేదు. బటన్ నొక్కేస్తాం, మన పాత్ర పక్కకు దొర్లుతుంది, అది లేచి నిలబడే వేళకు కర్ర సరిగ్గా నెత్తిన దిగుతుంది. 2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఈ ఆటను మా శ్రీకాకుళంలో నాకు తెలిసినవాళ్లు చాలామంది కొన్నారు. వారిలో సగం మంది ఈ ఒక్క దెబ్బ దగ్గరే విసిగి ఆటను పక్కన పెట్టేశారు. నేను కూడా రెండు వారాలు అక్కడే చిక్కుకున్నాను. ఆ రెండు వారాల్లో నేర్చుకున్నదాన్ని, ఆ తరువాత మా మేనల్లుడికి నేర్పుతూ మరింత స్పష్టంగా తెలుసుకున్నదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లన్నీ కోటకు దూరంగా ఉన్న చోట్లలో ఉన్నాయి. గ్రేస్ అనే విశ్రాంతి స్థలాల నుంచి లేచే బంగారు కిరణం కోట వైపు చూపిస్తుంది కాబట్టి, ఆటే అటు రమ్మంటోందని నమ్మి కొత్తవారు తొలిరోజే మార్గిట్ ఎదుట నిలబడతారు. ఆ కిరణం దిక్కు చెబుతుందే గాని ఎప్పుడు వెళ్లాలో చెప్పదు. దానికి వీపు తిప్పి దక్షిణంగా వంతెన దాటి వీపింగ్ పెనిన్సులాకు వెళితే, అక్కడి మూడు చర్చిలలో మూడు సేక్రెడ్ టియర్లు దొరుకుతాయి. ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్ ప్రాంతంలోని థర్డ్ చర్చ్ ఆఫ్ మరికాలో మరొకటి ఉంది. ఒక్కొక్క టియర్‌తో ఫ్లాస్కు ఒక్క గుక్కకు నింపే ప్రాణం పెరుగుతుంది. ఫ్లాస్కుల సంఖ్యను పెంచేవి గోల్డెన్ సీడ్లు. స్టార్మ్‌హిల్ శాక్ సమీపంలో బాట పక్కన బంగారు కాంతితో మెరిసే చిన్న మొక్క దగ్గర అలాంటి సీడ్ ఒకటి దొరుకుతుంది.

ఆయుధం విషయంలో తొందరపడి ఏదీ మార్చుకోనక్కరలేదు, చేతిలో ఉన్నదాన్నే గట్టిపరచుకుంటే చాలు. చర్చ్ ఆఫ్ ఎల్లేలోని కమ్మరి బల్ల మీద ఏ మామూలు ఆయుధాన్నైనా మూడో మెట్టు వరకు పెంచుకోవచ్చు. మొదటి రకం స్మితింగ్ స్టోన్లు తొలి మెట్టుకు 2, రెండో మెట్టుకు 4, మూడో మెట్టుకు 6, మొత్తం 12 కావాలి. లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ అనే గనిలోకి దిగి, గోడలకు అతుక్కుని మెరుస్తున్న రాళ్లను ఏరుకుంటే ఈ లెక్కలో చాలా భాగం తీరుతుంది. మార్గిట్ మీద రక్తస్రావం బాగా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని కలిగించే ఉచిగటానా అనే కత్తి మంచిది. సమురాయ్ పాత్రతో మొదలుపెట్టినవారికి అది ఎలాగూ చేతిలోనే ఉంటుంది, ఇతరులు దాన్ని స్టార్మ్‌హిల్‌లోని డెత్‌టచ్డ్ కాటకూంబ్స్‌లో తెచ్చుకోవచ్చు. అయితే రక్తస్రావం వెంటవెంటనే తగిలిన దెబ్బలతో పోగుపడి పనిచేస్తుంది, మధ్యలో ఆలస్యమైతే పోగైనది తరిగిపోతుంది. ఒక దెబ్బ కొట్టి చాలాసేపు పరిగెత్తేవారికి దానివల్ల ప్రయోజనం తక్కువ.

స్థాయి పెంచుకోవడానికీ కొనడానికీ వాడే రూన్లు చేతికి వచ్చినప్పుడల్లా కత్తి బలం పెంచుకోవాలని అనిపిస్తుంది, కాని ప్రాణాన్ని పెంచే విగర్ కనీసం 20 అయ్యేవరకు మరొకదాని జోలికి పోవద్దని నా సలహా. ఒకే దెబ్బకు చనిపోతే ఏ తప్పు చేశామో తెలియదు. రెండు మూడు దెబ్బలు తట్టుకోగలిగితేనే నేర్చుకునే వ్యవధి దొరుకుతుంది. మోసే బరువు కూడా పరిమితిలో 70 శాతానికి లోపే ఉండాలి, దాటితే పాత్ర మూట దొర్లినట్టు దొర్లుతుంది, ఆ దొర్లుడుతో మార్గిట్ నుంచి తప్పించుకోవడం దాదాపు అసాధ్యం.

ఇక ఆటలో కనిపించని ఒక విషయం ఉంది. గంటకు ఇంతని అద్దెకిచ్చే ఒక ఆటల గదిలో నేను వరుసగా నాలుగు సాయంత్రాలు ఓడిపోయాను, తప్పంతా నాదేననుకున్నాను. తరువాత ఇంట్లో ఆడినప్పుడు తెలిసిందేమిటంటే, అక్కడి టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయలేదు. ఆ మోడ్ లేకపోతే బొమ్మను మెరుగుపరిచే పనులన్నీ చేసిన తరువాతే టీవీ దాన్ని తెరపైకి పంపుతుంది కాబట్టి, మనం చూస్తున్నది అప్పటికే జరిగిపోయినదవుతుంది. హాల్లోని టీవీకి ప్లేస్టేషన్ తగిలించుకునేవారు ముందుగా ఆ సెట్టింగ్ చూసుకోవాలి. ల్యాప్‌టాప్ మీద ఆడేవారు కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద పోరును కొనసాగించకూడదు, ఎందుకంటే ఛార్జర్ లేనప్పుడు గేమింగ్ ల్యాప్‌టాప్ వేగం తగ్గి, అప్పటిదాకా వేలికి అలవాటైన లయ చెడిపోతుంది. ఎండాకాలంలో మా వైపు ఇది నిత్యం ఎదురయ్యే సమస్యే.

ఇప్పుడు అసలు పోరులోకి వద్దాం. మా మేనల్లుడు ఒక ఆదివారం, "నేను ముందే నొక్కుతున్నాను కదా మావయ్యా, అయినా తగిలేస్తందేటి?" అని అడిగాడు. నేను తెరను వదిలేసి వాడి బొటనవేలిని చూశాను. మార్గిట్ కర్ర ఎత్తగానే వాడు గుండ్రం గుర్తున్న బటన్‌ను గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి, భయం తీరేవరకు అలాగే పట్టుకుంటున్నాడు. ఈ ఆటలో అదే బటన్ పట్టుకుంటే పరుగు, వదిలితే దొర్లుడు, అంటే పాత్ర దొర్లేది మనం నొక్కినప్పుడు కాదు, వేలు ఎత్తినప్పుడు. వాడు తొందరపడి నొక్కి ఆలస్యంగా వదులుతున్నాడు, ఒక్కోసారి కంగారులో రెండుసార్లు నొక్కుతున్నాడు. రెండోసారి నొక్కినదాన్ని ఆట గుర్తుపెట్టుకుని, మొదటి దొర్లుడు ముగియగానే అవసరం లేని రెండో దొర్లుడును కూడా చేయిస్తుంది, కర్ర తగిలేది సరిగ్గా దాని చివర్లోనే. కాబట్టి బటన్‌ను గోటితో మీటినట్టు ఒక్కసారి తాకి వదలాలి. ఈ ఒక్క సవరణతోనే వాడు ఆ సాయంత్రం అంతకుముందుకంటే రెట్టింపు సేపు నిలబడగలిగాడు.

దొర్లేటప్పుడు దెబ్బ తగలని సమయం దొర్లుడు మొదట్లోనే ఉంటుంది, అదీ అర సెకనుకంటే తక్కువ. అందువల్ల కర్ర ఎత్తడాన్ని చూసి కాక, అది కిందికి కదలడం మొదలవడాన్ని చూసి దొర్లాలి. ఇది చదివితే సులువుగానే ఉంటుంది కాని కంటికి అలవాటు కావడం కష్టం. కళింగపట్నం తీరంలో తెల్లవారుజామున పడవను సముద్రంలోకి నెట్టే మత్స్యకారులను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అల లేచినప్పుడు వారు కదలరు, నడుము లోతు నీళ్లలో పడవ అంచు పట్టుకుని నిలబడతారు. అల విరిగి నీరు వెనక్కి లాగుతున్నప్పుడు మాత్రం అందరూ ఒక్కసారిగా నెడతారు. మార్గిట్ ఎత్తిన కర్రను కూడా ఇంకా విరగని అలలాగే చూడాలి. అతని చేతిని కాక మోచేతిని గమనిస్తే, అది మడత విప్పుకునే క్షణం స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి నేను అందరికీ చెప్పే సాధన ఒక్కటే. మొదటి పదిసార్లు పొగమంచు ద్వారం దాటి లోపలికి వెళ్లినప్పుడు ఒక్క దెబ్బ కూడా కొట్టకూడదు. చేతిలో ఉన్న రూన్లన్నీ ముందే ఖర్చు చేసుకుంటే పోతాయన్న బెంగ ఉండదు, కాసల్‌వార్డ్ టన్నెల్ గ్రేస్ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి తిరిగి రావడానికి సమయమూ పట్టదు. ఈ పదిసార్లూ అతని కదలికలకు మనకు నచ్చిన తెలుగు పేర్లు పెట్టుకోవాలి. మేము తల మీదికి ఎత్తి ఆపే దెబ్బను "నిలుపు" అని, అడ్డంగా ఊపే వరుస దెబ్బలను "కొడవలి" అని, ఎగిరి పైనుంచి పడేదాన్ని "గద్ద" అని పిలుచుకున్నాం. పేరు నోటితో పైకి పలికితే చేయి కంగారుపడదు, నిలుపు అన్న మాట పూర్తయ్యేలోగా వేలు కదలకూడదన్నది మా ఇంటి నియమం.

దొర్లవలసిన దిక్కు విషయంలో దాదాపు ప్రతి కొత్త ఆటగాడూ పొరపాటు చేస్తాడు. భయంతో వెనక్కి దొర్లితే మార్గిట్ పొడవాటి అంగలతో ఆ దూరాన్ని పూడ్చేసి వరుసలోని తరువాతి దెబ్బను నెత్తిన వేస్తాడు. అతని వైపే దొర్లి, పక్కనుంచి జారి, వెన్ను దగ్గర తేలాలి. అక్కడ కొట్టడానికి చోటు దొరుకుతుంది. అయితే ఎక్కువసేపు వెనకే ఉండిపోతే తోకతో ఊడ్చేస్తాడు, కాబట్టి ఒక దెబ్బ, మహా అయితే రెండు, అంతటితో ఆగాలి. ఆకుపచ్చ స్టామినా గీతలో ఒక దొర్లుడుకు సరిపడేది మిగలనప్పుడు ఎంత మంచి అవకాశం వచ్చినా కత్తి ఎత్తకూడదు. మూడో దెబ్బ కోసం ఆశపడి పోగొట్టుకున్న పోరాటాలు నా లెక్కలో మిగతా అన్ని కారణాల కంటే ఎక్కువ.

ఫ్లాస్కు తాగడానికి దూరం సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. దూరంగా వెళ్లి తాగబోతే అతను బంగారు బాకు విసురుతాడు. వరుస దెబ్బలు ముగించి కర్ర దించినప్పుడో, గద్దలా ఎగిరి నేల మీద పడిన మరుక్షణమో, అతని పక్కనే నిలబడి తాగడం సురక్షితం. మంత్రాలు వేసేవారికి కూడా ఈ దూరం సంగతి వర్తిస్తుంది: ఎంత దూరం జరిగితే అన్ని బాకులు, అన్ని ఎగురుళ్లు ఎదురవుతాయి.

డాలు నమ్ముకున్నవారికి ఒక మాట. కర్ర దెబ్బలను మంచి డాలుతో ఆపి, వెంటనే బలమైన దెబ్బ కొట్టే గార్డ్ కౌంటర్ మార్గిట్ మీద చక్కగా పనిచేస్తుంది, నాలుగైదుసార్లు కుదిరితే అతను మోకాళ్ల మీద కూలబడే అవకాశం ఉంది. కాని అతని బంగారు ఆయుధాలు హోలీ (పవిత్ర శక్తి) నష్టం కలిగిస్తాయి, దానిలో కొంత డాలును దాటి ప్రాణాన్ని తాకుతుంది. కాబట్టి కర్రను డాలుతో ఆపడం, బంగారాన్ని దొర్లి తప్పించుకోవడం మంచిది.

ఆత్మలను, తోడును పిలవడం గురించి కొందరు చిన్నచూపుగా మాట్లాడతారు, దానితో నేను ఏకీభవించను. టారెంట్ అనే గుర్రం దొరికిన తరువాత చర్చ్ ఆఫ్ ఎల్లేకు తిరిగి వెళితే, రెన్నా అనే మంత్రగత్తె పిలుపు గంటను, మూడు తోడేళ్ల ఆత్మలను ఇస్తుంది. స్టార్మ్‌హిల్ శాక్‌లో కూర్చున్న రోడెరికాతో మాట్లాడితే జెల్లీఫిష్ ఆత్మ లభిస్తుంది. ద్వారం బయట రోజియర్ అనే మాంత్రికుడిని తోడుగా పిలిచే గుర్తు కూడా కనిపిస్తుంది. నా అభిప్రాయం ఒక్కటే, పైన చెప్పిన పది సాధనలు ఒంటరిగా పూర్తిచేసి, పదకొండోసారి వీరిని పిలవాలి. కదలికలు తెలియనివాడికి తోడేళ్లు కొద్దిసేపు ఊరటనిస్తాయి, తెలిసినవాడికి మార్గిట్ వాటి వైపు తిరిగిన ప్రతిసారీ రెండు దెబ్బలు ఉచితంగా ఇస్తాయి. మర్క్‌వాటర్ గుహలో దాడిచేసే ప్యాచెస్ అనేవాడు లొంగిపోయినప్పుడు చంపకుండా వదిలిపెడితే, అతను 5,000 రూన్లకు అమ్మే సంకెల మార్గిట్‌ను కాసేపు నేలకు అదిమిపెడుతుంది. అది మొదటి దశలో, రెండుసార్లు మాత్రమే పనిచేస్తుంది కాబట్టి, దానిమీదే ఆధారపడితే అసలు కష్టం మొదలయ్యే చోట చేతులు ఖాళీగా ఉంటాయి.

ఆ కష్టం అతని ప్రాణరేఖ సగానికి చేరువవుతున్నప్పుడు మొదలవుతుంది. అప్పుడు మార్గిట్ చేతిలో పెద్ద బంగారు సుత్తి ప్రత్యక్షమవుతుంది, వరుస దెబ్బలు పొడవవుతాయి, ముగిసిందనుకున్న వరుసకు మరో దెబ్బ తోడవుతుంది. ఈ మార్పు వచ్చే క్షణంలో ఎదురు కొట్టకుండా, అతను చేసేదంతా ఒకసారి పూర్తిగా చూడాలి. ఈ దశకు చేరేసరికి కనీసం సగం ఫ్లాస్కులు మిగిలి ఉండాలి, లేకపోతే తొలి దశే ఇంకా నేర్చుకోవలసి ఉందని అర్థం. సుత్తితో ఎగిరి పడే దెబ్బ చూడడానికి భయంకరంగా ఉన్నా, ఈ దశలో మనకు దొరికే పెద్ద అవకాశం అదే: సుత్తి నేలను తాకబోతుండగా అతని వైపు దొర్లితే, అతను తేరుకునేలోగా రెండు దెబ్బలు పడతాయి. ప్రాణరేఖ చివరి గోరంత మిగిలినప్పుడు అందరి చేయీ వణుకుతుంది. మా మేనల్లుడు ఆ వేళ కూడా "నిలుపు" అని పైకి పలికి, కర్ర దిగేదాకా ఆగి, అతని వెన్ను వైపు దొర్లి, ఒక్క దెబ్బతో ముగించాడు.

గెలిచినందుకు 12,000 రూన్లు, ఇంకొక తాలిస్మాన్ (శక్తినిచ్చే తాయెత్తు) ధరించడానికి వీలు కలిగించే సంచి వస్తాయి. ఆ ఉత్సాహంలో నేరుగా కోటలోకి పరిగెత్తకుండా, అక్కడే వెలిగే గ్రేస్ దగ్గర కూర్చుని ముందుగా ఆ రూన్లతో స్థాయి పెంచుకోవాలి. లోపల ద్వారపాలకుడు గోస్టాక్ ప్రధాన ద్వారానికి బదులు పక్క దారి ఉందని చెబుతాడు. ప్రధాన ద్వారం వెనుక పెద్ద బాణాలు వదిలే యంత్రాలతో సైనికులు కాపు కాసి ఉంటారు కాబట్టి, మొదటిసారి వెళ్లేవారు ఆ పక్క దారినే పట్టాలి.