టైమర్ నడుస్తూనే ఉంది, మనిషి లేడు: ఆర్గ్ మోడ్‌లో ఖాళీ నిమిషాల లెక్క

నేను నల్లగొండలో ఇంటి నుంచే పని చేస్తాను. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు స్టాకు సాఫ్ట్‌వేర్ రాసిస్తాను, బిల్లు గంటల లెక్కన. మిల్లులో కాంటా ఎంతో నాకు టైమర్ అంత. అందుకే ఒక విషయంలో పట్టింపు ఎక్కువ: కుర్చీలో లేని నిమిషాలను ఏం చేయాలని సాఫ్ట్‌వేర్ అడిగితే అప్పటికప్పుడే జవాబు చెప్పాలి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే గుర్తుండదు. అందాజాగా రాస్తే క్లయింటుకో మనకో నష్టం.

నేను వాడేది ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్, పనుల జాబితా రాసుకుని వాటికి పట్టిన సమయం లెక్కపెట్టే సౌకర్యం. పని పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఐ కొడితే గడియారం మొదలవుతుంది. చివర ఐకి బదులు ఓ కొడితే ఆగుతుంది. ఖాళీ సమయాన్ని పట్టుకునే ఏర్పాటు మాత్రం ముందుగా ఆన్ చేసి ఉండదు. సెట్టింగుల ఫైల్లో ఆర్గ్-క్లాక్-ఐడిల్-టైమ్‌కు నిమిషాల్లో ఒక అంకె ఇవ్వాలి. నేను 10 పెట్టుకున్నాను. 5 పెడితే కోడ్ చదువుతూ కూర్చున్నా ప్రశ్న వచ్చి పడుతుంది. 30 పెడితే అన్నం తిని వచ్చినా పట్టుకోదు.

ఇంకొకటి చూసుకోండి. విండోస్‌లో ఈమ్యాక్స్‌ను ముట్టుకోకపోతే చాలు, మీరు లేరనే అనుకుంటుంది, పక్కనే బ్రౌజర్‌లో రిపోర్టు టెస్ట్ చేస్తున్నా సరే. మ్యాక్‌లో మొత్తం కంప్యూటర్‌ను చూస్తుంది. లినక్స్‌లో ఎక్స్11 (తెర మీద విండోలు చూపించే వ్యవస్థ) మీద ఎక్స్‌ప్రింట్‌ఐడిల్ ప్యాకేజీ వేసుకుంటే అక్కడా అంతే. ఇది తెలియకపోతే విసుగొచ్చి ఆ సౌకర్యమే ఆపేయాలనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్న: ఖాళీ నిమిషాలను ఏం చేయాలని ఆర్గ్ అడిగితే ఒక్క అక్షరం నొక్కి జవాబు చెప్పాలి. నవంబర్‌లో వానాకాలం వడ్లు మిల్లులకు చేరే రోజులు. సర్కారు కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. మిల్లు నుంచి ఫోన్ వస్తుంది: "తమ్మీ, 17 దాటిన లోడ్లు గూడ మామూలు లెక్కల్నే కలుస్తున్నయ్, జర చూడు." ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కాగితం మీద పెన్నుతో లెక్క వేసుకుంటూ 25 నిమిషాలు గడుస్తాయి. కీబోర్డు ముట్టలేదు కాబట్టి అదంతా ఖాళీ సమయం అంటుంది సాఫ్ట్‌వేర్. కాదు, అది పనే. చిన్న కె నొక్కండి. ఎన్ని నిమిషాలు ఉంచాలని అడుగుతుంది. ఎంటర్ కొడితే అన్నీ ఉంటాయి, గడియారం సాగుతుంది. అందులో 10 నిమిషాలు వాళ్లింటి పెళ్లి ముచ్చట్లయితే 15 అని కొట్టండి. ఆ 10 నిమిషాలకు మిల్లు వాళ్లెందుకు డబ్బులియ్యాలి?

అమ్మ మందులు తెమ్మంటే రామగిరి దాకా వెళ్లొచ్చారనుకోండి, చిన్న ఎస్. మీరు లేని సమయం పోతుంది, లెక్క ఇప్పటి నుంచి మళ్లీ మొదలవుతుంది. తిరిగొచ్చాక ఆ పని ముట్టుకునేది లేదంటే పెద్ద ఎస్, అంటే షిఫ్ట్ పట్టుకుని ఎస్. మీరు లేచిన నిమిషం దగ్గరే గడియారం ఆగిపోతుంది. పెద్ద కె కూడా ఇలాంటిదే, ఉంచాల్సిన నిమిషాలు ఉంచి మూసేస్తుంది. పెద్ద సి దగ్గర జాగ్రత్త: లేని సమయమే కాదు, లేవక ముందు చేసిన అరగంట కూడా తుడిచిపెట్టుకు పోతుంది. తొందరలో క్యూ నొక్కి తప్పించుకుందామంటే అది మొత్తం ఉంచేసినట్టే లెక్క.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది టి. నిమిషాలు కాకుండా లేచిన సమయం అడుగుతుంది. ఎంతసేపు లేమో చెప్పడం కష్టం. ఎప్పుడు లేచామో ఫోన్ కాల్ లిస్టు చూస్తే తెలిసిపోతుంది.

కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి కంప్యూటర్ ఆగిపోతే కథ వేరు. ఫైల్లో మొదలైన సమయం ఉంటుంది, ముగింపు ఉండదు. మర్నాడు ఏదైనా పనికి గడియారం పెట్టగానే ఆర్గ్ దాన్ని గమనించి పై ప్రశ్నే అడుగుతుంది. అలాంటివన్నీ ఒకేసారి చూడాలంటే ఆర్గ్-రిజాల్వ్-క్లాక్స్ ఆదేశం ఉంది: కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-జెడ్.

ఇక్కడ ఊహ పనికిరాదు, ఆధారం కావాలి. ఉదాహరణకు 16:10కి మొదలైన పని. గిట్‌లో (కోడ్ మార్పులను సమయంతో సహా దాచే సాఫ్ట్‌వేర్) చివరిగా భద్రపరిచిన మార్పు, అంటే కమిట్, 17:25. "ఇప్పుడు చూడండి సార్" అని మిల్లు గుమాస్తాకు వాట్సాప్ పెట్టింది 17:40కి. అప్పుడు ముగింపు 17:40. ఆరున్నర దాకా చేసినట్టే అనిపించినా నేనైతే ఆధారం ఉన్న చోటే ఆపేస్తాను, కింద "కరెంటు పోయింది, వాట్సాప్ సమయం ప్రకారం" అని ఒక లైన్ రాస్తాను. బిల్లు మీద ఎవరైనా అడిగితే ఆ లైనే చూపించొచ్చు. గడియారం సమయాన్ని చేత్తో దిద్దితే ఆ సమయం ఉన్న లైను మీదే కంట్రోల్-సి రెండుసార్లు కొట్టాలి, మొత్తం మళ్లీ లెక్కవుతుంది.

టాగుల్, క్లాకిఫై లాంటి టైమర్ యాప్‌లు వాడేవాళ్లకూ డెస్క్‌టాప్ యాప్‌లో ఖాళీ సమయం పట్టుకునే సెట్టింగు ఉంది. బటన్ల పేర్లు వేరు, ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్న అదే.

నెలాఖరున బిల్లు తయారుచేసే ముందు మాత్రం ఆర్గ్-రిజాల్వ్-క్లాక్స్ తప్పకుండా ఒకసారి నడపండి. ముగింపు లేకుండా మిగిలిపోయిన ఎంట్రీ క్లాక్ టేబుల్ (ఆర్గ్ తయారుచేసే గంటల పట్టిక) మొత్తంలో కలవదు, చేసిన పనికి డబ్బులు రాకుండా పోతాయి.