మందు పనిచేయలేదనుకున్నాను, దాహం వేసింది ఊదకు

వరి మాగాణిలో చల్లిన మినుములో ఈసారి ఊద అనే కలుపు గడ్డి విపరీతంగా లేచింది. ఇరవై రెండో రోజున గడ్డిజాతి కలుపును చంపే క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం మందును ఎకరాకు 400 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టాను. ఐదు రోజులైనా ఊద పచ్చగానే ఉంది. దుకాణంలో అడిగితే మోతాదు రెట్టింపు చేయమన్నారు. అమ్మేవాళ్లు ఇంకేం చెబుతారు!

కాలువ వైపు తడి మూలలో ఒక ఊద మొక్క మొవ్వాకును, అంటే నడిమి లేత ఆకును, మెల్లగా లాగి చూశాను. సులువుగా ఊడి వచ్చింది. అడుగున గోధుమరంగులో కుళ్లి ఉంది, పైఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. నెర్రెలిచ్చిన ఎత్తు భాగంలో ఎంత లాగినా మొవ్వు రాలేదు.

తప్పు అప్పుడు అర్థమైంది. ఈ మందు గడ్డిజాతిలో కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైమును ఆపుతుంది. మినుములో ఆ ఎంజైము రూపం వేరు కాబట్టి పైరు తట్టుకుంటుంది. కానీ మందు ఆకు నుంచి పెరిగే మొవ్వుకు చేరాలంటే గడ్డి చురుగ్గా ఎదుగుతుండాలి. నీరు లేక ముడుచుకున్న ఊదలో అది కదలదు.

ఇంజనుతో పలుచగా ఒక తడి ఇచ్చి, మూడు రోజులు ఆగి, ఆ ఎత్తు భాగానికి మాత్రమే అదే మోతాదు మళ్లీ కొట్టాను. పది రోజులకు ఊద ఎర్రబారి ఎండిపోయింది.