పిల్లలకి సాహస కథలు, బొమ్మల పుస్తకాలు ఎంచి చెప్పడం ఎలా?

"మా వాడికి ఎనిమిదేళ్లండీ, ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అని చాలామంది అడుగుతుంటారు. అంతమాత్రం వివరంతో ఏ పుస్తకమూ చెప్పలేం. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒకరు పేపర్లో హెడ్డింగులన్నీ గడగడా చదివేస్తారు, ఇంకొకరు రెండు ఒత్తులున్న మాట కనబడగానే ఆగి మన ముఖం చూస్తారు. ఇద్దరికీ ఒకే పుస్తకం కొనిపెడితే ఒకరికి బోరు, ఇంకొకరికి టెన్షన్. మేనకోడలి పుట్టినరోజుకి కొనాలన్నా, బళ్లో లైబ్రరీ బీరువా తాళం మీ దగ్గరే ఉన్నా ముందు కాస్త ఆరా తీయాలి. చదవడం అంటే ముఖం చిట్లించే పిల్లలకి నేను సాహస కథలూ బొమ్మల పుస్తకాలే ముందు చెబుతాను. నీతి కథల సంపుటాలు ఇంట్లో ఎలాగూ ఉంటాయి, ఎవరో ఒకరు బహుమతిగా ఇచ్చే ఉంటారు.

1. పోయినసారి ఏ పుస్తకం, ఎక్కడ వదిలేశారో అడగండి

వయసు, తరగతి తరవాత అడగొచ్చు. "నీకు ఏ పుస్తకం ఇష్టం?" అంటే పిల్లలు మనకి నచ్చే జవాబే చెబుతారు. "ఏది మధ్యలో పడేశావ్?" అంటే మాత్రం హుషారుగా నిజం చెప్పేస్తారు. వీలైతే ఆ పుస్తకం తెప్పించుకుని, వదిలేసిన పేజీ మీరే చదివి చూడండి.

మొదటి రెండు పేజీల్లోనే ఆగిపోతే చాలాసార్లు తప్పు కథది కాదు, అచ్చుది. అక్షరాలు చిన్నవి, పేరా పేజీ పొడుగునా ఉంది, ఒత్తులు కిక్కిరిసి ఉన్నాయి. అలాంటి పిల్లలకి అదే రకం కథ పెద్ద అక్షరాల్లో, పొట్టి వాక్యాల్లో ఇస్తే చదివేస్తారు. సగం దాకా వెళ్లి వదిలేస్తే, అక్కడ ఎవరూ ఏమీ చేయకుండా వర్ణనలో ఉపదేశాలో సాగుతున్నాయేమో చూడండి. మంచి ఉత్కంఠ దగ్గర మూసేశారంటే భయపడ్డారన్నమాట. వాళ్లకి సాహస కథలు పనికిరావని అప్పుడే తీర్మానించకండి. పడుకునే ముందు కాకుండా పగలు, పక్కన ఒకరుండగా చదివితే అదే కథ నచ్చవచ్చు.

ఇంకో రకం ఉంది. పేరా మొత్తం తప్పుల్లేకుండా చదువుతారు, ఏం జరిగిందో అడిగితే నీళ్లు నములుతారు. శక్తి అంతా అక్షరాలు కూడబలుక్కోవడానికే సరిపోయింది. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో, బెంగళూరులోనో డాలస్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో ఇది మామూలే. తెలుగు వింటే పదేళ్ల పిల్లల్లా అర్థం చేసుకుంటారు, చదవమంటే ఒకటో తరగతిలా చదువుతారు. ఈ తేడా పట్టించుకోకుండా పుస్తకం చెబితే గురి తప్పుతుంది.

2. చదివేది ఎవరు?

పిల్లలు సొంతంగా చదువుకునే పుస్తకం వేరు, పెద్దవాళ్లు చదివి వినిపించే పుస్తకం వేరు. చెప్పేటప్పుడు రెండూ చెప్పండి. ఒకే పుస్తకంతో రెండు పనులూ జరగాలనుకునే తల్లిదండ్రులే ఎక్కువ, గొడవంతా అక్కడే.

సొంతంగా చదివేదైతే ఐదు వేళ్ల చిట్కా వాడండి, చాలా చోట్ల టీచర్లు వాడేదే. మధ్యలో ఒక పేజీ తెరిచి పైకి చదవమనండి. తడబడిన ప్రతి మాటకీ ఒక వేలు మడవండి. ఒకటి రెండు దగ్గర ఆగితే పుస్తకం సరిపోయినట్టు. ఐదూ మడవాల్సి వస్తే దాన్ని వినిపించే పుస్తకాల వరసలో పెట్టండి, వెనక్కి ఇచ్చేయక్కర్లేదు. పేజీకి ఒకటే వాక్యం ఉండే బొమ్మల పుస్తకాలకి ఈ లెక్క పనిచేయదు. వాటికి రెండు మూడు పేజీలు వరసగా చదివించి చూడాలి.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్లో కథల్ని స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన. మొదటి అంచనాకి ఇది బాగానే పనికొస్తుంది. కానీ తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగవుతాయి కాబట్టి మాటల లెక్క ఒక్కటే నమ్ముకోకండి. ఒకసారి కథ తెరిచి "వెళ్లిపోతున్నప్పుడల్లా" లాంటి మాటలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు.

3. బొమ్మల పుస్తకాన్ని కొట్లోనే పరీక్షించండి

అరచేత్తో అక్షరాలు మూసి బొమ్మలు మాత్రం చూస్తూ పేజీలు తిప్పండి. కథ సగమైనా అర్థమవుతోందా? ఇప్పుడు బొమ్మలు మూసి అక్షరాలు చదవండి. ఏ లోటూ లేకుండా కథ పూర్తయిపోతే ఆ బొమ్మలు అలంకారానికి వేసినవి. అది బొమ్మలున్న కథ అవుతుంది గానీ బొమ్మల పుస్తకం కాదు.

మంచిదాంట్లో అక్షరం ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకోటి చూపిస్తుంది. "పిల్లి కోసం ఇల్లంతా వెతికాను, ఎక్కడా లేదు" అని రాసి ఉంటుంది. బొమ్మలో బియ్యం డబ్బా వెనక నుంచి తోక కొస బయటికి కనబడుతుంటుంది. చదివే పెద్దవాళ్లకి అది కనబడదు, చదవడం రాని నాలుగేళ్ల పిల్ల వేలు పెట్టి చూపిస్తుంది. పెద్దవాళ్ల కంటే తనకి ఎక్కువ తెలిసిన ఆ క్షణం కోసమే మళ్లీ మళ్లీ అదే పుస్తకం పట్టుకొస్తుంది.

ఈ పని ఎంత బాగా చేయొచ్చో చూడాలంటే మోరిస్ సెండాక్ 1963లో తెచ్చిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' తిరగేయండి. అల్లరి చేసిన మాక్స్‌ని అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది అమ్మ. మొదట్లో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్ల కాగితం. గదిలో అడవి పెరిగేకొద్దీ బొమ్మ కూడా పెరుగుతూ పేజీని ఆక్రమిస్తుంది. వింత జంతువులతో కలిసి చిందులేసే చోట అక్షరమే ఉండదు, పేజీలన్నీ బొమ్మే. ఇంటికొచ్చాక చివరి పేజీలో బొమ్మ ఉండదు, ఒక్క వాక్యం ఉంటుంది. బొమ్మల పుస్తకం, సాహస కథ రెండూ ఒకటే అయిన పుస్తకం ఇది.

బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలుంటాయి. పెద్ద కాగితం మడతపెట్టి కోసే అచ్చు పద్ధతి వల్ల వచ్చిన లెక్క అది. మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఒక్క కూర్చోటంలో అయిపోతుంది, మళ్లీ చదవడానికి బద్ధకం వేయదు. అందుకే "నువ్వు పెద్దవాడివయ్యావు, ఇంకా బొమ్మల పుస్తకాలేంటి" అనే బాబాయ్‌ల మాట వినకండి. పదేళ్ల పిల్లలకీ చెప్పొచ్చు. అసలు అక్షరాలే లేని పుస్తకాలు కూడా ఒకటి రెండు గుర్తుపెట్టుకోండి. చదవడం రాని నాయనమ్మ కూడా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని తన మాటల్లో కథ చెప్పగలదు.

కొనకూడనివి ఎలా తెలుస్తాయంటే, ఒకే ముఖం ప్రతి పేజీలో కాపీ చేసి అతికించినట్టుంటే, చివరి పేజీలో నీతి విడిగా డబ్బా కట్టి వేస్తే, తీసిన చోటే తిరిగి పెట్టేయండి.

4. సాహస కథకి మొదటి అధ్యాయం చివర చూడండి

అట్ట వెనక రాసింది పక్కన పెట్టి, మొదటి అధ్యాయం ఆఖరి పేరా చదవండి. తరవాత ఏమైందో మీకే తెలుసుకోవాలని అనిపించకపోతే పిల్లలకి అసలు అనిపించదు.

ఈ విద్యలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. 1947 జులైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్స్ చూడండి. 'తోకచుక్క' 1954లో మొదలైంది. తరవాత 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' ఇలా ఏళ్ల తరబడి నడిచాయి. నెలకి ఒక భాగమే వచ్చేది కాబట్టి, ప్రతి భాగం ఎవరో ఒకరిని ఆపదలో నిలబెట్టి ముగించక తప్పేది కాదు. చిత్రా అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు ఆ కోటల్నీ లోయల్నీ కళ్లకి కట్టేవి. వీటిలో కొన్ని పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఎవరికైనా చెబితే, రోజుకొక్క భాగమే వినిపించమని కూడా చెప్పండి. "ఇంకొక్కటి" అని ఎంత బతిమాలినా ఆపేయాలి. పుస్తకం వాళ్లకి అందే ఎత్తులో పెట్టి వెళ్లిపోండి. మర్నాటికి కొందరు సొంతంగా కూడబలుక్కుని నాలుగు పేజీలు ముందుకెళ్లిపోయి ఉంటారు.

ఇంకా చూడాల్సింది, చిక్కుముడి ఎవరు విప్పుతున్నారు అన్నది. పిల్లలే హీరోలని అట్ట మీద ఉంటుంది, ఆఖర్లో పోలీసు మావయ్యో దేవుడో వచ్చి అన్నీ సర్దేస్తాడు. అలాంటివి వద్దు. ఆడపిల్లకి కథలో ఎత్తుకుపోబడటం కాకుండా ఇంకేదైనా పని ఉందా అని కూడా చూడండి. పాత సాహస కథల్లో ఇది పెద్ద లోటు. అడవిలో ఉండేవాళ్లని క్రూరులుగా చూపించడం మరోటి. అలాగని వాటిని దాచేయక్కర్లేదు. వినిపించేటప్పుడు ఆగి "రాజకుమారి తనే తప్పించుకోవాలంటే ఏం చేసి ఉండొచ్చు?" అని అడిగితే పిల్లలు అసలు కథ కంటే మంచి ఉపాయాలు చెబుతారు.

లోపల మ్యాపు ఉంటే సగం పని అయినట్టే. 1881లో స్కాట్లండ్‌లో ముసురు పట్టి ఇంట్లోనే కూర్చోవాల్సి వచ్చిన రోజుల్లో రచయిత స్టీవెన్సన్ తన సవతి కొడుకుతో కలిసి ఒక దీవి మ్యాపు గీసి రంగులేశాడు. 'ట్రెజర్ ఐలాండ్' ఆ మ్యాపులోంచే పుట్టింది. మీరు చెప్పే పుస్తకంలో మ్యాపు లేకపోతే, చదువుతూ గీసుకోమని ఒక తెల్లకాగితం, పెన్సిలు జతచేయండి. వాగు ఎక్కడ, గుహ ఎక్కడ, దొంగలు ఎటు పారిపోయారు అని గీయాలంటే వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సిందే. మనం చదవమని చెప్పే పనే లేదు.

5. ఎలా చెప్పాలి

మూడు పుస్తకాలు ముందు పెట్టండి. ఒక్కటే ఇస్తే హోంవర్క్ అనిపిస్తుంది, పది పెడితే ఏదీ తియ్యరు. ఒక్కోదాని గురించి రెండు వాక్యాలే చెప్పండి. "వరదొచ్చిన రాత్రి పడవలో ఒక పిల్ల, ఒక మేక. తాడు తెగిపోయింది." అంతే, నోరు మూసుకోండి. "చాలా మంచి పుస్తకం, విజ్ఞానం పెరుగుతుంది" అన్నారంటే ఆ పుస్తకం పని అయిపోయినట్టే.

మూడింటిలో ఒకటి వాళ్ల స్థాయి కంటే తేలికది ఉండనివ్వండి. అది తీసుకోవడానికి నామోషీ పడే పిల్లలుంటారు. "చెల్లికి చదివి వినిపించడానికి తీసుకెళ్లు" అంటే ఏ ఇబ్బందీ ఉండదు, చెల్లి వంకతో తనూ చదువుకుంటాడు.

6. తరవాత

వారం ఆగి పలకరించండి. "కథ చెప్పు" అంటే పరీక్ష. "నువ్వైతే ఆ గుహలోకి వెళ్లేదానివా?" అంటే కబుర్లు. నచ్చిందంటే వెంటనే కష్టమైనదానికి ఎక్కించకండి. అదే రచయితదో, అదే బొమ్మలాయనదో ఇంకోటి ఇవ్వండి. నచ్చలేదంటే ఎందుకని కారణాలు లాగకుండా రెండోది చూపించండి.

7. ఎక్కడ దొరుకుతాయి?

డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు, దించుకుని ప్రింటు కూడా తీసుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇది పెద్ద ఆసరా. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు చవక. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు పిల్లల కోసమే ప్రత్యేకంగా తెలుగులో వేస్తున్నారు. చెన్నై తులికా బుక్స్ వాళ్ల దగ్గర తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకే పేజీలో ఉండే బొమ్మల పుస్తకాలుంటాయి. అమ్మకి తెలుగు, పిల్లాడికి ఇంగ్లీషు తేలికైన ఇళ్లకి అవి చెప్పండి. పాత సోవియట్ బొమ్మల పుస్తకాలు ఏ అమ్మమ్మ ఇంటి అటక మీదో ఉంటే దింపించండి, ఆ బొమ్మలు ఇప్పటికీ పిల్లల్ని కూర్చోబెడతాయి.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. పిల్లల చేతికి రెండు వందలు ఇచ్చి, పైన చెప్పిన అరచేతి పరీక్ష నేర్పించి, కాస్త దూరంగా నిలబడండి. బిల్లు కట్టేటప్పుడు మాత్రం ఒకసారి సంచిలోకి తొంగి చూడండి, పుస్తకాల మధ్య రెండు స్టిక్కర్ షీట్లు, ఒక మెరిసే పెన్ను దూరిపోయి ఉంటాయి.